డాక్టరమ్మతో మాటామంతీ: పిల్లల గురించి కుర్రకారు అడిగిన ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీ చివర ‘ఈసారి పెద్దవాళ్లు కాస్త ఆగండి, ముప్పై అటూ ఇటూ ఉన్నవాళ్లే రాయండి’ అని అడిగాను. సంపాదకులకు నమ్మకం లేదు. ‘సంతానం, ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ పద్ధతి) అంటే ఆ వయసువాళ్లు ఉత్తరాలు రాస్తారా డాక్టరు గారూ?’ అన్నారు. వచ్చిన వాటిలో సగానికి కూడా ఇక్కడ చోటు లేదు.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో పెళ్లయి ఐదారేళ్లు గడిచాక, మొక్కులన్నీ తీరాక, ఆఖరి మెట్టుగా మా దగ్గరికి వచ్చేవాళ్లు. అదీ చీకటి పడ్డాక, కొంగు ముఖాన కప్పుకొని. ఇప్పుడు పెళ్లికి ముందే వస్తున్నారు, ఫోనులో చదివిందంతా ఒప్పజెబుతున్నారు. ఈ తరానికి సిగ్గు తగ్గింది, అందుకు నాకు సంతోషమే. లెక్క అడగడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. చీర కొంటే పోగు పట్టి చూసేవాళ్లు, లక్షలు పోసి చేయించుకునే వైద్యంలో ‘వందమందికి చేస్తే ఎంతమందికి బిడ్డ చేతికొస్తోంది?’ అని అడగరు. ఈ ఉత్తరాలు చదువుతుంటే నాకు ముందుగా అనిపించింది అదే.

*డాక్టరు గారూ, నాకు 29. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మ సంబంధాలు చూస్తూనే ఉంది, నాకింకా ఎవరూ కుదరలేదు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఏఎంహెచ్ 1.4 వచ్చింది. మా టీమ్‌లో ఇద్దరు ఎగ్ ఫ్రీజింగ్ చేయించుకున్నారు. ‘ఇన్సూరెన్స్ లాంటిది, చేయించేసుకో’ అంటున్నారు. అమ్మేమో ‘పెళ్లికాని పిల్ల అలాంటి ఆసుపత్రి మెట్లెక్కితే ఎవరైనా చూస్తే? గుంటూరులో డెబ్బై దాటినావిడకే కవలలు పుట్టారు, నీకేం తొందర?’ అంటోంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?*
– ఓ పాఠకురాలు, కొండాపూర్

ఇద్దరి మాటా సగం సగమే వినమ్మా.

ముందు మీ అమ్మగారి మాట. 2019 సెప్టెంబరులో గుంటూరులో ఆ కాన్పు జరిగిన మాట నిజం. కానీ ఆ అండాలు ఆవిడవి కావు, దాతవి. సిజేరియన్ చేసి బిడ్డల్ని తీశారు. గర్భసంచిని మందులతో సిద్ధం చేయొచ్చు గానీ, అండానికి వయసు వెనక్కి తిప్పే మందు ఇంతవరకూ లేదు. పైగా 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఏఆర్‌టీ (సంతాన సహాయ చికిత్సల) చట్టం ప్రకారం యాభై దాటిన స్త్రీకి ఈ చికిత్సలు చేయకూడదు. ఆ వార్త చూపించి నిశ్చింతగా ఉండమనడం కుదరదు.

ఇక ఏఎంహెచ్. మీ వయసుకు 1.4 కాస్త తక్కువే, నిద్ర పాడుచేసుకునేంత కాదు. అది అండాలు ఎన్ని మిగిలాయన్న అంచనా ఇస్తుంది. అవి ఎలాంటివో చెప్పదు. రేపు పెళ్లయితే మామూలుగా నెల తప్పుతారా లేదా అన్నది అసలే చెప్పదు. మొటిమలకనో, నెలసరి సరిగా రావడం లేదనో పిల్స్ వాడుతుంటే ఆ అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. వాడుతున్నారా? రాయలేదు. వాడుతుంటే మీ డాక్టరుతో చెప్పి, ఆపిన కొన్ని నెలలకు మళ్లీ చేయించండి. ఇంత వివరం లేకుండా ఈ పరీక్షను షుగరు, థైరాయిడ్‌తో కలిపి ప్యాకేజీలో అమ్మడం నాకు నచ్చదు. ఆడపిల్లల్ని బెదరగొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరావడం లేదు.

ఇప్పుడు మీ స్నేహితుల ‘ఇన్సూరెన్స్’. పాలసీ అయితే కట్టిన ప్రీమియానికి ఇంత అని రాసిస్తారు. ఇక్కడ అలా రాసివ్వరు. జరిగేది ఇది. పది పన్నెండు రోజులు పొట్ట మీద ఇంజెక్షన్లు. రెండు మూడు రోజులకోసారి స్కానింగ్. అండాలు ఎదిగాక ఒక ట్రిగ్గర్ ఇంజెక్షన్, దాదాపు ముప్పై ఆరు గంటల తర్వాత మత్తిచ్చి సన్నటి సూదితో అండాలను బయటికి తీస్తారు. పని ఇరవై నిమిషాలే, మర్నాడు ఆఫీసుకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. కడుపు ఉబ్బరంతో రెండు మూడు రోజులు పడుకునేవాళ్లూ ఉన్నారు. ఆ అండాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాస్తారు.

లెక్క చూడండి. మీకు పది మంచి అండాలు వచ్చాయనుకుందాం. ఎప్పుడో కరిగించినప్పుడు ఎనిమిదో తొమ్మిదో నిలబడతాయి. వాటిలో ఆరు ఫలదీకరణ చెందుతాయి. ఐదో రోజుదాకా పిండంగా ఎదిగేవి రెండు మూడు. ఆ రెండు మూడింటి మీదే మీ ఆశ. మీ వయసులో దాస్తే ఆ ఆశకు బలం ఉంది, ముప్పై ఎనిమిదికి దాస్తే బాగా తగ్గుతుంది. అందుకే చేయించుకుంటే త్వరగానే చేయించుకోవాలి. మీ ఏఎంహెచ్‌కి ఒక్క విడతలో పది రాకపోవచ్చు, రెండు విడతలు కావాలి అంటే ఆశ్చర్యపోవద్దు. ఒక్కో విడతకు ఊరిని బట్టీ, మందుల మోతాదును బట్టీ లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు, ఆపైన ఏటా నిల్వకు అద్దె. ఆ అద్దె ఎంత, కేంద్రం మూతపడితే మీ అండాలు ఎక్కడికి వెళ్తాయి, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి.

చట్టం విషయంలో బెంగ అక్కర్లేదు. ఇరవై ఒకటి నిండిన స్త్రీ, పెళ్లయినా కాకపోయినా, ఏఆర్‌టీ కేంద్రానికి తనంతట తాను వెళ్లొచ్చు. అమ్మగారి సంతకం ఎవరూ అడగరు. అయినా ఆవిడను వెంట తీసుకెళ్లండి. ‘ఎవరైనా చూస్తే?’ అనే తల్లులు స్కానింగ్ గది బయట కూర్చొని పక్కావిడతో రెండు మాటలు మాట్లాడాక మెత్తబడటం నేను చాలాసార్లు చూశాను. అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఎవరైనా చూస్తారనే భయం!

ఒక్కమాట. ఈ డబ్బు మీకు భారం కాకపోతే, ‘దాచాను కాబట్టి నలభై దాకా చూసుకోవచ్చు’ అనే ధీమా రాకుండా ఉంటే, నేను వద్దనను. అప్పు చేసి చేయించుకునే పని మాత్రం కాదిది.

*నమస్తే మేడమ్. నాకు 31, మా ఆవిడకు 27. పెళ్లయి రెండేళ్లు. ఆమె పరీక్షలన్నీ బాగున్నాయి. నాకు వీర్యకణాల కౌంట్ 3 మిలియన్లు అని వచ్చింది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, మా ఆవిడకు కూడా పూర్తిగా చెప్పలేదు. మా అమ్మ ఆమెనే అంటోంది, నాగులచవితికి పుట్టలో పాలు పోయిస్తోంది, నాటుమందు పట్టిస్తోంది. పెళ్లికి ముందు జిమ్‌లో బాడీ కోసం ఇంజెక్షన్లు వాడాను. ఇప్పటికీ అప్పుడప్పుడు వాడుతున్నాను. దానివల్లేనా? నేరుగా ఇక్సీకి వెళ్లిపోతే ఎవరికీ చెప్పకుండా అయిపోతుందా?*
– పేరు వద్దు, ఏలూరు దగ్గర

నాయనా, వైద్యం తర్వాత మాట్లాడదాం. ఈ ఉత్తరం నాకు రాసే బదులు ముందు మీ ఆవిడకు చదివి వినిపించాల్సింది. ఏ లోపమూ లేని పిల్ల చేదు కషాయం తాగుతోంది, మాటలు పడుతోంది, మీరు పక్కనే కూర్చొని చూస్తున్నారు. రిపోర్టు మీ ఫోనులో ఉంది. ఇవాళ రాత్రి చెప్పండి. మీ అమ్మగారికి రిపోర్టు చూపించనక్కర్లేదు. ‘లోపం కోడలిది కాదు, డాక్టరు నాకు మందులు రాశారు’ అంటే చాలు. మగవాడి నోటి నుంచి ఆ ఒక్క మాట వచ్చిన ఇంట్లో నాటుమందు మర్నాటికే ఆగిపోతుంది.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్లు. జిమ్ కోచ్ ఇచ్చింది టెస్టోస్టెరాన్, లేదా దాని తోబుట్టువు. బయటి నుంచి ఆ హార్మోన్ వస్తుంటే మెదడు ‘సరిపోయినంత ఉంది’ అనుకొని వృషణాలకు సంకేతం ఆపేస్తుంది. కండలు పెరుగుతాయి, వీర్యకణాల తయారీ పడిపోతుంది. కొందరిలో పూర్తిగా సున్నా అవుతుంది. మగతనం పెంచుతుందని వేసుకున్న మందే తండ్రి కాకుండా చేస్తోందంటే నమ్మరు గానీ, ఈ మధ్య మా ఓపీకి వచ్చే పాతికేళ్ల కుర్రాళ్లలో చొక్కా చేతులు బిగుతుగా ఉన్నవాణ్ణి చూస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే.

మంచి కబురు ఏమిటంటే చాలామందిలో ఇది వెనక్కి వస్తుంది. ఇంజెక్షన్ ఈరోజే ఆపాలి. ఒక వీర్యకణం తయారవడానికి డెబ్బై రోజుల పైనే పడుతుంది కాబట్టి మూడు నెలలకు ముందు తేడా కనబడదు. పూర్తిగా కోలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఈలోగా యూరాలజిస్టును, అందులోనూ మగవారి సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్టును కలవండి. హార్మోన్లు చూస్తారు, వేరికోసిల్ (వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం) ఉందేమో చేత్తో చూస్తారు, సంకేతాన్ని మళ్లీ లేపే మందులు ఇస్తారు. వాడింది దాచకుండా సీసా పేరుతో సహా చెప్పండి.

ఒక్క రిపోర్టుతో తీర్పు ఇవ్వకూడదు. మిల్లీలీటరుకు 16 మిలియన్లు కనీస ప్రమాణంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది. జ్వరం వచ్చినా ఆ అంకె పడిపోతుంది. రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా ఆగి మరోసారి ఇవ్వండి. ల్యాబులో బాత్రూమ్ పక్క గది, బయట ‘అయిందా సార్’ అని తలుపు కొట్టే కుర్రాడు, ఈ అవస్థ నాకు తెలుసు. ఇల్లు దగ్గరైతే ల్యాబు ఇచ్చిన డబ్బాలోనే ఇంట్లో తీసి, ఒంటి వేడి తగిలేలా చొక్కా లోపల పెట్టుకొని గంటలోపు తెచ్చి ఇవ్వొచ్చు. మామూలు కండోమ్‌లో తేవొద్దు, దాని పూత వీర్యకణాలను చంపుతుంది.

ఇక ‘నేరుగా ఇక్సీ’. ఒక్కొక్క అండంలోకి ఒక్కొక్క వీర్యకణాన్ని సూదితో ఎక్కించే ఆ పద్ధతి 1992 నుంచి ఉంది, మీలాంటి కౌంట్ ఉన్నవాళ్లకే ప్రాణం పోసింది. కానీ అందులో అండాల కోసం ఇంజెక్షన్లు, మత్తు, సూదులు అన్నీ ఆమె ఒంటికి. మీరు ఒక మందు మానేస్తే తీరగల పనికి ఆమెను ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారా? ఆమె వయసు 27. మీకు ఏడాది సమయం ఉంది.

*అమ్మా, మేం డిగ్రీ చదువుతున్నాం. హాస్టల్లో పెద్ద వాదన. టెస్ట్ ట్యూబ్ బేబీలు బలహీనంగా ఉంటారని, వాళ్లకు మళ్లీ పిల్లలు పుట్టరని ఒకరు, అసలు సొంత రక్తం కాదని ఇంకొకరు. నిజం చెప్పండి.*
– హాస్టల్ మిత్రబృందం, తిరుపతి

గొట్టంలో ఎవరూ పెరగరు తల్లీ. గాజు పళ్లెంలో అండం, వీర్యం కలిసి మూడు నుంచి ఐదు రోజులు ఉంటాయి, మిగతా తొమ్మిది నెలలూ అమ్మ కడుపే. మొదటి పాప లూయీ బ్రౌన్ ఇంగ్లండులో 1978 జులై 25న పుట్టింది. ఆవిడకు మామూలుగానే ఇద్దరు కొడుకులు పుట్టారు. ‘మళ్లీ పిల్లలు పుట్టరు’ అన్న వాదన అక్కడికి సరి.

రెండో పాప మన దేశంలోనే పుట్టిందని మీలో ఎంతమందికి తెలుసు? అదే ఏడు అక్టోబరు 3న, కలకత్తాలో. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ పెద్ద సదుపాయాలేవీ లేకుండా, పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాత గర్భంలో పెట్టి సాధించాడు. ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు, ఎగతాళి చేసింది. విదేశాల్లో తన పని చెప్పుకోవడానికి వెళ్లనివ్వలేదు, సంబంధం లేని విభాగానికి బదిలీ చేశారు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత 1986లో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో పుట్టిన పాపనే దేశంలో మొదటిదని రికార్డులు రాసుకున్నాయి. ఆ పని చేసిన బృందంలోని శాస్త్రవేత్త టి.సి. ఆనంద్‌కుమార్ ముఖోపాధ్యాయ్ రాతలన్నీ చదివి, ‘మొదటివాణ్ణి నేను కాదు, ఆయన’ అని 1997లో ప్రకటించాడు. తన పేరు మీదున్న కిరీటం తానే తీసి ఇంకొకరి తల మీద పెట్టిన మనిషి. వైద్య విద్యార్థులకు నేను ముఖోపాధ్యాయ్ గురించి ఎంత చెబుతానో ఈయన గురించీ అంతే చెబుతాను.

బలహీనత మాట కొంత నిజమే, కారణం వేరు. ఒకేసారి రెండు మూడు పిండాలు పెట్టడంతో కవలలు, ముగ్గురు పుట్టి, నెలలు నిండక తక్కువ బరువుతో ఉండేవాళ్లు. ఒక్క పిండమే పెడితే ఆ బెడద చాలావరకు పోతుంది. మన ఇళ్లలో ‘ఒకేసారి ఇద్దరైతే ఖర్చు కలిసొస్తుంది’ అనే మాట ఇంకా వింటున్నాను. ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) బిల్లు చూసినవాళ్లెవరూ అలా అనరు.

సొంత రక్తమా అంటారా? భార్యాభర్తల అండం, వీర్యమే వాడితే అచ్చంగా వాళ్లదే. దాత నుంచి తీసుకుంటే జన్యువులు వేరు. చట్టం మాత్రం ఆ బిడ్డను ఆ దంపతుల బిడ్డగానే చూస్తుంది, దాతకు ఏ హక్కూ ఉండదు. పెంచిన చేతులకు ఈ వాదన ఎప్పుడూ రాదు లెండి.

*మేడమ్, నేను గ్రూప్స్ కోచింగ్ కోసం అమీర్‌పేటలో ఉంటున్నాను. వయసు 22. మా హాస్టల్‌కు వచ్చే ఒకావిడ ‘ఎగ్స్ ఇస్తే నలభై వేలు ఇప్పిస్తాను, పది రోజుల పని, ఆధార్‌లో వయసు సంగతి నేను చూసుకుంటా’ అంటోంది. ఇంట్లో అడగకుండా ఫీజు కట్టేయొచ్చని ఆశగా ఉంది. ప్రమాదమా?*
– ఓ సోదరి, హైదరాబాద్

వద్దు. ‘ఆధార్‌లో వయసు సంగతి నేను చూసుకుంటా’ అన్న మాట దగ్గరే ఆవిడ ఎవరో తెలిసిపోయింది.

చట్టం ప్రకారం అండదాతకు 23 నుంచి 35 మధ్య వయసు ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఏడు అండాలకు మించి తీయకూడదు. నమోదైన అండాల బ్యాంకు ద్వారానే జరగాలి, దాత పేర బీమా చేయించాలి. అండాలు అమ్మడం, కొనడం నేరం. ఇన్ని షరతులు ఎందుకు పెట్టారంటే ఒకే పిల్లను ఊరూరా తిప్పి, పేర్లు మార్చి, ఎక్కువ అండాల కోసం ఎక్కువ మందు ఎక్కించే ఏజెంట్లు ఉన్నారు కాబట్టి. మోతాదు మించితే అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరి, ఊపిరాడక ఐసీయూలో పడినవాళ్లున్నారు. అప్పుడు ఆ ఏజెంటు ఫోను స్విచాఫ్. రికార్డుల్లో మీ పేరు లేదు, వయసు మీది కాదు, ఎవరిని అడుగుతారు?

నిజంగా ఎవరికైనా సాయం చేద్దామనిపిస్తే 23 దాటాక, ఇంట్లో ఒకరికైనా చెప్పి, నేరుగా బ్యాంకుకు వెళ్లండి. ఫీజు కోసం మాత్రం మీ నాన్నగారికి ఫోను చేయండమ్మా. ఆయన కోప్పడితే పడనివ్వండి.

*మేడమ్, నా వయసు 25. పెళ్లయి ఎనిమిది నెలలు. మా ఆయన బెంగళూరులో, నేను విజయవాడలో ఉద్యోగం, నెలకు రెండుసార్లు వస్తారు. ఎవరు కనబడ్డా ‘ఏమైనా విశేషమా?’ అనే ప్రశ్నే. అత్తగారు ఒక సంతాన కేంద్రానికి తీసుకెళ్లారు. పీసీఓడీ ఉంది, ఐవీఎఫ్ ఒక్కటే మార్గం, సంక్రాంతి ఆఫర్ ఉంది, నూటికి నూరు శాతం గ్యారంటీ అన్నారు. అడ్వాన్సు కట్టమంటున్నారు.*
– ఒక కోడలు, విజయవాడ

ఎనిమిది నెలల్లో ఆషాఢం ఒకటి పోయింది. మిగిలిన వాటిలో నెలకు రెండు శని ఆదివారాలు. అందులో అండం విడుదలయ్యే రోజులకు ఆయన రాక కుదిరింది ఎన్నిసార్లు? వేళ్ల మీద లెక్కపెట్టండి. సంతానలేమి అని మేం అనేది భార్యాభర్తలు కలిసి ఉండి, ఏ జాగ్రత్తా వాడకుండా ఏడాది గడిచినా నెల తప్పకపోతే. భార్యకు 35 దాటితే ఆరు నెలలు. మీకు ఇంకా ఆ గడియారమే మొదలవలేదు. మీకు కావలసింది ఐవీఎఫ్ కాదు, మీ ఆయనకు ట్రాన్స్‌ఫర్.

పీసీఓడీ అంటే పిల్లలు పుట్టరని కాదు. అండం నెలనెలా విడుదల కాకపోవచ్చు, అంతే. బరువు ఎక్కువుంటే కొద్దిగా తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. కాకపోతే లెట్రోజోల్ మాత్రలు ఐదు రోజులు, రెండు మూడు స్కాన్లు. ఖర్చు వేలల్లోనే. దానికి ముందు మీ ఆయనకు వీర్యపరీక్ష, అవసరమైతే మీకు అండం గర్భసంచికి చేరే ట్యూబుల పరీక్ష. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి క్షయ ఒక పెద్ద కారణం, ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే డాక్టరుకు చెప్పండి. ఇవేవీ చూడకుండా, మీ ఆయన ముఖం కూడా చూడకుండా ‘ఐవీఎఫ్ ఒక్కటే’ అన్నవాళ్లు మీ పొట్టను కాదు, మీ అత్తగారి తొందరను చూశారు.

గ్యారంటీ సంగతి. భార్యకు 35 లోపు ఉండి, మంచి కేంద్రంలో ఒక పిండం పెడితే వందలో దగ్గర దగ్గర నలభై మందికి బిడ్డ చేతికొస్తుంది. నలభై దాటి సొంత అండాలతో అయితే పదీ పదిహేనుకు పడిపోతుంది. ఇది ప్రపంచంలో ఎక్కడైనా అటూ ఇటూగా ఇంతే. నూటికి నూరు అని హోర్డింగు పెట్టారంటే, ఎక్కడో ఒకచోట అబద్ధం ఉంది. సికింద్రాబాద్‌లో ఒక కేంద్రం సరోగసీ పేరుతో ఎవరి బిడ్డనో తెచ్చి దంపతుల చేతిలో పెట్టిందని 2025 జులైలో పోలీసులు కేసు పెట్టారు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే కలవలేదు. ఆ వార్త మీ అత్తగారికి ఒకసారి చదివి పెట్టండి.

ఎప్పటికైనా ఐవీఎఫ్ దాకా వెళ్లాల్సి వస్తే, రిసెప్షన్‌లో గోడ మీద ఏఆర్‌టీ చట్టం కింద నమోదు పత్రం ఉందో లేదో చూడండి. ‘పాజిటివ్ వచ్చినవాళ్లు’ ఎంతమంది అని కాదు, ‘బిడ్డతో ఇంటికెళ్లినవాళ్లు’ ఎంతమంది అని, మీ వయసువాళ్లలో ఎంతమంది అని అడగండి. ప్యాకేజీలో ఇంజెక్షన్లు కలిశాయా, మిగిలిన పిండాల నిల్వ, రెండోసారి పెట్టడానికయ్యే ఖర్చు విడిగానా అన్నది రాయించుకోండి. చాలామంది ‘లక్షన్నర’ అని విని లోపలికి వెళ్లి మూడు లక్షలకు బయటికి వస్తున్నది ఇక్కడే. ముహూర్తం గురించి మాత్రం మీ ఇష్టం. పిండం పెట్టే రోజు అమావాస్య కాకుండా చూడమని అడిగేవాళ్లను నేను కాదనను, ఒక రోజు అటూ ఇటూ సర్దగలిగితే సర్దుతాను. మనసు కుదుటపడితే మంచిదే.

*డాక్టరు గారూ, మా తమ్ముడికి 22. హాడ్జ్‌కిన్ లింఫోమా అన్నారు. వచ్చే సోమవారం కీమో మొదలు. వీర్యం దాచుకోవచ్చని నేను ఎక్కడో చదివాను. అమ్మానాన్నలు ‘ముందు బతకనివ్వు, ఇప్పుడా ఆ మాటలు’ అంటున్నారు. తమ్ముడితో నేనెలా మాట్లాడను?*
– అక్క, నెల్లూరు

ఈమె ఉత్తరం చేరిన రోజే ఈమెకు పత్రిక ఆఫీసు నుంచి ఫోను చేయించాం. మిగతావాళ్ల కోసం ఇక్కడ వేస్తున్నాను.

కొన్ని కీమో మందులు, పొత్తికడుపు మీద రేడియేషన్, వీర్యకణాల తయారీని దెబ్బతీస్తాయి. ఎవరిలో తిరిగి వస్తుందో ముందే చెప్పలేం. అందుకే మొదటి డోసుకు ముందే నమూనా ఇవ్వాలి, వీలైతే ఒకటి రెండు రోజుల తేడాతో రెండోది కూడా. మహా అయితే రెండు మూడు రోజుల పని, ఖర్చు కొన్ని వేలు, చికిత్స ఒక్క పూట కూడా ఆగదు. ఆడపిల్ల అయితే అండాలు దాచడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. నెలసరి కోసం ఆగకుండా ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు. అంత వ్యవధి ఉందా లేదా అన్నది క్యాన్సర్ డాక్టరే చెప్పాలి, ఆయనను అడగాలి. ఆయన హడావిడిలో మరచిపోతే మీరే గుర్తుచేయాలి.

అక్క చెప్పలేకపోతే బావగారు చెప్పొచ్చు, స్నేహితుడు చెప్పొచ్చు, డాక్టరు తలుపు వేసి ఒంటరిగా చెప్పొచ్చు. ‘నీకు రేపు పిల్లలు కావాలనిపిస్తే’ అన్న మాటలో ‘నువ్వు రేపు ఉంటావు’ అనే మాట కూడా ఉంది. ఆ కుర్రాడికి ఈ వారంలో అది వినడం అవసరం.

*నా భర్త ఆటో నడుపుతారు. నాకు 26. నాలుగేళ్లుగా పిల్లలు లేరు, రెండు ట్యూబులూ మూసుకుపోయాయన్నారు. ప్రైవేటులో మూడు లక్షలు అడుగుతున్నారు. ఉన్న అరెకరం అమ్మమంటారా?*
– జనగామ నుంచి ఒక సోదరి

అమ్మొద్దు. ముందు హైదరాబాద్ గాంధీ ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వం అక్కడ 2023లో ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించింది. ట్యూబుల ఎక్స్‌రే ఫిల్ములు, రిపోర్టులు, మీ ఆయన వీర్యపరీక్ష కాగితం, ఇద్దరి ఆధార్, పెళ్లి నమోదు పత్రం పట్టుకెళ్లండి. క్యూ పెద్దదే ఉంటుంది, మీ వయసు 26 కాబట్టి ఎదురుచూసే వ్యవధి మీకుంది. ట్యూబులు రెండూ నిజంగా మూసుకుపోతే ఐవీఎఫ్ మీకు సరైన చికిత్సే, దానికి మారుగా ఐయూఐ (వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించడం) చేస్తామంటే ఒప్పుకోవద్దు, డబ్బు దండగ. ట్యూబుల్లో నీరు చేరిందేమో కూడా అడగండి. అలా ఉంటే ముందు దాన్ని సరిచేస్తేనే పిండం నిలిచే అవకాశం పెరుగుతుంది.

‘పిల్లల్ని ఎక్కువమందిని కనండి’ అని నాయకులు సభల్లో చెప్పే రోజులొచ్చాయి. ఆంధ్రాలో ఇద్దరికి మించితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధన కూడా 2024లో ఎత్తేశారు. మంచిదే. ఒక్క బిడ్డ కోసం అరెకరం అమ్ముకునేవాళ్లకు ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈ వైద్యం పెట్టమని కూడా ఆ సభల్లోనే ఎవరైనా అడగాలి.

*ఐవీఎఫ్ అయితే మగపిల్లాడినే పెట్టించుకోవచ్చటగా? మాకు ఒక పాప ఉంది. ఎక్కడ చేస్తారో చెప్పండి.*
– యువ దంపతులు

ఎక్కడా చేయకూడదు. 1994 చట్టం స్కానింగులో ఆడో మగో చెప్పడాన్నే కాదు, తర్వాతి సవరణతో దీన్నీ నిషేధించింది, అడిగినవాళ్లకూ శిక్ష ఉంది. ఊరి పేరు రాయకుండా తెలివిగా తప్పించుకున్నారు. మీ పాప వయసెంతో కూడా రాయలేదు.

వచ్చే నెల థైరాయిడ్ ఉత్తరాలు చూస్తాను. ఈసారి పెద్దవాళ్లు కూడా రాయొచ్చు.